నీలం ముఖాలు

శాఖాధిపతి గది,
కింది అంతస్తు

గౌరవనీయులైన విశ్రాంత ఆచార్యులు, చిత్రకారిణి గారికి,

మీరు పదవీ విరమణ చేసి ఏడాది దాటింది. పై అంతస్తులో ఉత్తరం వైపు కిటికీలున్న పెద్ద గది ఇంకా మీ అధీనంలోనే ఉంది. దొంగల భయంతో కిందటి వేసవిలో వేయించిన ఇనప తలుపుకి రెండు తాళంచెవులుంటే అందులో ఒకటి మీ దగ్గరే ఉంది. ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే వెలుగు వచ్చే గది ఈ భవనంలో అదొక్కటే అని నాకు చెప్పింది మీరే. మొదటి ఏడాది పిల్లలు ప్రస్తుతం మెట్ల కింద సామాన్ల గదిలో ట్యూబులైట్ల కింద కూర్చుని బొమ్మలు వేస్తున్నారు. ఆ వెలుగులో మనిషి ముఖం ఎలా కనబడుతుందో మీకు చెప్పేంతదాన్ని కాను.

వేసవి సెలవులు అయ్యేలోగా గది ఖాళీ చేసి, అందులో మీరు దుప్పటి కప్పి ఉంచిన పెద్ద చిత్రాన్ని మీ ఇంటికి తరలించుకోవలసిందిగా కోరుతున్నాను. మోయడానికి మనుషుల్ని నేను ఏర్పాటు చేస్తాను.

మెట్ల దగ్గర నేను ఎదురుపడితే మీరు గోడవైపు తిరిగి వెళ్ళిపోతున్నారు గనక ఈ సంగతి రాతలో తెలియజేయవలసి వచ్చింది. ఈ జాబు తెచ్చేది క్లాసులో మోడల్‌గా కూర్చునే మన పెద్దాయన. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటాడని మీరే ఆయనకి ‘రాయి’ అని పేరు పెట్టారు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులట. జవాబు ఆయన పైన ఉండగానే రాసి ఇస్తే రెండోసారి మెట్లెక్కే పని తప్పుతుంది.

ఇట్లు,
శాఖాధిపతి


పై గది

శాఖాధిపతి గారి దివ్యసముఖానికి,

తమరి ఆజ్ఞాపత్రం అందింది. రాయి మెట్లెక్కి వచ్చి, స్టూలు మీద కూలబడి, “అమ్మా, మీ అత్తాకోడళ్ళు ఒకే కప్పు కింద ఉండి జాబులు రాసుకుంటుంటే నా మోకాళ్ళు ఏమైపోవాలి” అన్నాడు. ఆయన బాధ ఆయనది. సొంత మేనత్తకి ‘ఇట్లు శాఖాధిపతి’ అని సంతకం పెట్టే మేనకోడల్ని నేను ఇదే చూడటం.

నీకు పెన్సిలు చెక్కడం నేర్పింది నేను. బ్లేడు పట్టుకుంటే పిల్ల వేళ్ళు కోసుకుంటుందని మీ నాన్న గోలపెట్టాడు. కోసుకుంటేనే నేర్చుకుంటుంది, ఊరుకో అన్నాను. మా అన్నయ్య మాట విననందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను.

ఈ భవనంలోకి నేను కొత్తగా వచ్చినప్పుడు ఉపాధ్యాయుల గదిలో ఆడదానికి కుర్చీ లేదు. కుర్చీలు సరిపోవు, మీరు పైన కూర్చోండి అన్నారు. పైన ఏముంది? ఈ గది, దీని నిండా పావురాలు. చీపురు పట్టుకుని నేను ఊడ్చాను. పగిలిన అద్దాలు నేను వేయించాను. మీ నాన్న షాపుల బోర్డులు రాసి, నిచ్చెన మీద ఎండలో మాడి నన్ను చదివించింది నేను బొమ్మలు వెయ్యాలని. నేను వేసిన బొమ్మలు ఎన్ని? ఒకటి పురపాలక భవనంలో మెట్ల వెనక వేలాడుతోంది, దాని కింద గొడుగులు పెడతారు. కొన్ని ఎవరెవరి ఇళ్ళల్లోనో ఉన్నాయి. మిగతా ఓపికంతా మీలాంటివాళ్ళ ముక్కులూ చెవులూ సరిచెయ్యడానికే ఖర్చయింది. జీతం ఇచ్చారు కదా అంటావు. ఇచ్చారు. నేనూ పని ఎగ్గొట్టలేదు.

ఇప్పుడు ఒక్క బొమ్మ, నేను పోయాక ఇది ఫలానా ఆవిడది అని చెప్పుకునే ఒక్క పెద్ద బొమ్మ వేసుకుంటుంటే, సరిగ్గా ఇప్పుడే నీకు ఈ గది కావలసొచ్చింది. అది పూర్తవలేదు. పూర్తయ్యేదాకా అది కదలదు, నేనూ కదలను. మోసేవాళ్ళని పంపావంటే మెట్ల మీద టర్పెంటైన్ పోస్తాను.

రాయికి టీ ఇచ్చి పంపుతున్నాను. నీ ఆఫీసులో మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వరట.

అత్త


కింది అంతస్తు

అత్తా,

‘గౌరవనీయులైన’ అని రాస్తే వెక్కిరింత, రాయకపోతే పొగరు. కాబట్టి ఇక మామూలుగానే రాస్తాను.

టర్పెంటైన్ పోసుకో. మొదట జారిపడేది రాయి. ఆయన కాలు విరిగితే నీ జాబులు నువ్వే తెచ్చుకోవాలి, రోజూ నా ముఖం చూడాలి. నీకు అంతకన్నా శిక్ష లేదు.

నిన్న మొదటి ఏడాది అమ్మాయి ఒకతి నా గదికి వచ్చి తను వేసిన కుండ బొమ్మ చూపించింది. కుండకి రెండు నీడలు వేసింది. ఇదేమిటమ్మా అంటే, గదిలో రెండు ట్యూబులైట్లు ఉన్నాయి మేడమ్, రెండు నీడలే కనబడ్డాయి అంది. నేనేమని దిద్దను? కనిపించిందే వెయ్యమని ఈ కాలేజీలో ఇన్నేళ్ళూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నువ్వే. ఆ పిల్లకి ఒకే నీడ చూపించే గది ఉంది. అందులో నువ్వు తాళం వేసుకుని కూర్చున్నావు.

కుర్చీ కథ మళ్ళీ చెప్పావు. నాకు పాలపళ్ళు ఊడకముందు నుంచీ తెలుసు ఆ కథ. భోజనాల దగ్గర చెప్పావు, బస్సుల్లో చెప్పావు, నా పెళ్ళిలో నా అత్తగారికి కూడా చెప్పావు. కుర్చీ లేక అంత బాధపడ్డదానివి, ఇంకొకరికి స్టూలు లేకుండా ఎలా చేస్తున్నావో నాకు అంతుపట్టడం లేదు.

ఇక ఆ బొమ్మ. ఎన్నేళ్ళుగా వింటున్నాం. ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంటుంది, ఎవరికీ చూపించవు. స్టాఫు గదిలో దాని మీద జోకులు వేసుకుంటారు, నేను తలవంచుకుని టీ తాగుతాను. దుప్పటి కింద ఇంకో దుప్పటి ఉందని ప్రింట్ల క్లాసు చెప్పే మాస్టారు పందెం కాశాడు. ఎవరూ అడగలేనిది నేను అడుగుతున్నాను. దాని కింద అసలేమైనా ఉందా? లేక రిటైరైనా ఇంటికి పోకుండా ఉండటానికి నీకు దొరికిన వంకా?

కోడలు


పై గది

ఒసే,

ఇంతకన్నా మంచి పిలుపు నా నోటికి రావడం లేదు.

దుప్పటి కింద ఏముందో చెప్తాను విను. విని వెళ్ళి ప్రింట్లవాడికి కూడా చెప్పు. ఈ గదే ఉంది. ఈ కిటికీలు, ఈ స్టూళ్ళు, మధ్యలో ఎత్తుబల్ల మీద రాయి, చుట్టూ నా దగ్గర చదువుకున్నవాళ్ళు. అందరూ కాదు, నా మనసులో మిగిలిపోయినవాళ్ళు. ఎడమచేత్తో గీసి అరచెయ్యంతా బొగ్గు చేసుకునేవాడు. గీసేటప్పుడు నాలిక బయటపెట్టే పిల్ల. కునికిపాట్లు పడుతూ గీసిన గీత, మెలకువగా ఉన్నప్పుడు గీయలేని ఆ సోమరి. ఒక్కొక్కరినీ ఒక్కో ఏడాది నుంచి పట్టుకొచ్చి ఒకే మధ్యాహ్నంలో కూర్చోబెట్టాను. గుడ్డ మీద వేసింది కాదు చుట్టుకుపోవడానికి. మంచి చెక్క పలకలు అతికించి, సుద్ద పూత పూసి, నున్నగా రుద్ది, దాని మీద వేశాను. ఇప్పుడు నవ్వుకోండి అందరూ.

కిటికీ పక్కన నువ్వుండేదానివి. రెండు జడలు, ఒళ్ళో బోర్డు, సగం ముఖం వెలుగులో. అందరికన్నా ముందు వేసింది నిన్నే. నా సర్వీసు ఇంకా పొడిగించనక్కర్లేదని కమిటీ వాళ్ళు పంపిన కాగితం మీద నీ సంతకం చూసిన రోజున, తిన్నగా పైకి వచ్చి, కత్తి తీసి, నీ ముఖం గీకేశాను. కింద చెక్క కనబడేదాకా గీకాను. మణికట్టు నొప్పిపుట్టినా ఆపలేదు. ఇప్పుడక్కడ బోర్డు పట్టుకున్న చేతులున్నాయి, పైన తల లేదు.

తక్కినవాళ్ళు సంతకాలు పెట్టినందుకు నాకేం దుఃఖం లేదు. ప్రింట్లవాడు నేనెప్పుడు పోతానా అని ఎదురుచూస్తూనే జుట్టు పండించుకున్నాడు. నువ్వు పెట్టినందుకే కడుపు మండిపోయింది. ఎందుకు పెట్టావని నేను అడగలేదు, ఇకముందు అడగను కూడా. శాఖాధిపతి కుర్చీ కావలసొచ్చింది, తీసుకున్నావు. కూర్చో హాయిగా. గది మాత్రం ఇవ్వను.

అత్త


కింది అంతస్తు

అత్తా,

నా తల గీకేశావని రాసిన ముక్క రాయికి చదివి వినిపించావట. ఆయన కిందికి వచ్చి, ఒకసారి నా తల వైపు చూసి, ఉందని నిర్ధారణ చేసుకుని కవరు ఇచ్చాడు.

అడగనన్నావు. నేనే చెప్తాను. ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను, కనీసం ఆ మర్యాదైనా నీకు దక్కాలని. ఇప్పుడు మన మధ్య మర్యాదలు అయిపోయాయి.

నీ కళ్ళకి శుక్లాలని ఆపరేషను చేయించుకున్నది కిందటి వేసవిలో. అవి వచ్చింది మాత్రం అంతకు చాలాముందే. నీకు లోకమంతా పసుపుపచ్చగా కనబడుతోందని నీకు తప్ప మా అందరికీ తెలుసు. క్లాసులో ప్రతి పిల్లవాడి వెనకా నిలబడి “పసుపు ఎక్కువైంది, నీలం కలుపు” అనేదానివి. కలిపేవాళ్ళు. “ఇంకా” అనేదానివి. ఇంకా కలిపేవాళ్ళు. నీ మాటకి ఎదురుచెప్పే గుండె ఎవరికుంది? ఒక ఏడాది కాలేజీ ప్రదర్శనలో గోడ పొడుగునా నీలం ముఖాలే, ఊపిరాడక పోయినవాళ్ళలా. చూడటానికి వచ్చిన పత్రికాయన ఒకడు ఇది ఈ కాలేజీవారి సరికొత్త శైలి అని రాశాడు. నువ్వు ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకున్నావు. ప్రింట్ల మాస్టారు దాన్ని కనబడినవాళ్ళందరికీ చదివి వినిపించాడు.

తరవాత చేరిన పిల్లలు తెలివి మీరారు. నీకు చూపించడానికి ఒక బొమ్మ, మార్కుల కోసం ఒక బొమ్మ వేసేవాళ్ళు. నువ్వు గది దాటగానే నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నేను మెట్ల మీద నిలబడి విన్నాను. లోపలికి వెళ్ళి వాళ్ళని చెంపమీద కొట్టాలనిపించింది. కొట్టి ఏం చెప్పను, నవ్వకండి, ఆవిడకి కనబడదు అనా?

ఆ నవ్వు నీ చెవిన పడే రోజు రాకూడదని సంతకం పెట్టాను. కుర్చీ కోసం కాదు. కుర్చీ ఎవరికీ అక్కర్లేక నా మెడకి తగిలించారు. నిన్ను బాధపెట్టడానికే ఇదంతా రాస్తున్నాను, దాచడం దేనికి. నువ్వు నా ముఖం కత్తితో గీకావు, నా దగ్గర పెన్నుంది.

కోడలు


కింది అంతస్తు

అత్తా,

రాయి ఎప్పుడు పైకి వెళ్ళినా ఖాళీ చేతులతోనే దిగుతున్నాడు. “అమ్మ కిటికీవైపు తిరిగి కూర్చుంది, పలకరిస్తే పలకలేదు” అంటున్నాడు. నువ్వు తిడితే తట్టుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. నువ్వు మాట్లాడకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. సరే, నేనే రాస్తున్నాను.

కాలేజీ తెరిచారు. వానలు పట్టుకున్నాయి. సామాన్ల గదిలోకి నీళ్ళొచ్చి పిల్లలు బోర్డులు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. అందుకని నిన్న నువ్వు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయం చూసి, ఆఫీసులో ఉన్న రెండో తాళంచెవితో నీ గది తెరిచాను. దుప్పటి కూడా తీశాను. ఎన్ని తిట్లు తిడతావో తిట్టు.

దుప్పటి కింద బొమ్మ ఉంది. ప్రింట్ల మాస్టారు పందెం ఓడిపోయాడు, కాని ఆయనకి చెప్పలేదు. వాళ్ళందరినీ గుర్తుపట్టాను. ఆ నాలిక బయటపెట్టే పిల్లని చూసి నవ్వొచ్చింది. కాని అత్తా, అందరూ నీలంగా ఉన్నారు. కొందరిని నువ్వు మళ్ళీ దిద్దడం మొదలుపెట్టావు. ఎడమచేతివాడికి ఒక చెంప మనిషిది, ఒక చెంప నీలం. అప్పుడు తెలిసింది నువ్వు ‘పూర్తవలేదు’ అంటున్నదేమిటో. ఆపరేషనై వచ్చి చూసుకున్నావు. నేను జాబులో రాసి పొడవకముందే నీకు తెలుసు.

నా తల నిజంగానే గీకేశావు. కోపంతో అన్న మాటనుకున్నాను. ఆ చెక్క చూసి చాలా ఏడుపొచ్చింది. నీకు సంతోషం కలిగించే వార్త కాబట్టి రాస్తున్నాను.

ఇంకొకటి. కొలతటేపు పట్టుకెళ్ళాను. ఆ బొమ్మ తలుపుకన్నా పెద్దది. నిలబెట్టినా, పడుకోబెట్టినా, మూలవాటుగా తిప్పినా బయటికి రాదు. ప్రతి ఏడాదీ మొదటి రోజు, మొదటి క్లాసులో, పేర్లైనా అడక్కముందు నువ్వు చెప్పే మొదటి మాట ఏమిటి? “బొమ్మ మొదలుపెట్టే ముందు తలుపు కొలవండి.” బల్ల మీద గుద్ది మరీ చెప్పేదానివి. కొత్తగా చేరినవాళ్ళందరి చేతా టేపు పట్టించి నీ గది తలుపు కొలిపించేదానివి. అలాంటిది బతుకంతటికీ ఒక్క పెద్ద బొమ్మ వేస్తూ నువ్వు తలుపు కొలుచుకోలేదా?

కోయడం తప్ప దారి లేదు. వడ్రంగికి కబురు పెడతాను. ఎవరి మధ్యనుంచి కొయ్యాలో నువ్వే గీత గీసి ఉంచు.

కోడలు


పై గది

కోడలా,

దొంగలే నయం. తాళం తీసి చూసి, చూశామని జాబు రాయరు.

కొలిచాను.

మొదటి పలక కొనకముందే కొలిచాను. అప్పుడు ఈ గదికి రెండు రెక్కల పాత చెక్క తలుపుండేది, గుర్తొచ్చిందా? రెండు రెక్కలూ తెరిస్తే ఎద్దులబండి పట్టేది. నువ్వు చదువుకునే రోజుల్లో టేపు ఒక చివర నువ్వు పట్టుకున్నావు, ఇంకో చివర నేను. ఆ కొలత గుర్తుపెట్టుకుని, మోసేవాళ్ళ వేళ్ళు నలగకుండా రెండు పక్కలా చోటు వదిలి, అప్పుడు చెక్క కోయించాను.

నేను కంటికి కట్టుతో మీ ఇంట్లో పడుకుని ఉంటే, ఇక్కడ ఆ తలుపు ఊడబీకి, సగం దారికి ఇటుకలు పేర్చి, ఒంటిరెక్క ఇనప తలుపు బిగించారు. ఎవరు? కొత్తగా కుర్చీ ఎక్కిన శాఖాధిపతి గారు. నీ మొదటి జాబులో నువ్వే గొప్పగా రాసుకున్నావు, దొంగల భయంతో వేయించామని. పొద్దున నాకు మందు చుక్కలు వేసి, కాలేజీకి వచ్చి, ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటావు. లోపల ఏముందో చూడలేదు. అది ఎటునుంచి బయటికి వస్తుందో ఆలోచించలేదు. తలుపు కొలవంది నువ్వే. ప్రతి ఏడాదీ నేను బల్ల గుద్దింది నీకోసమేనని ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడే ఎందుకు అరవలేదంటావు. ఎలా అరుస్తాను? కట్టు విప్పాక తిరిగొచ్చి రెండూ ఒకే రోజున చూశాను. ముందు తలుపు. నిన్ను తిట్టుకుంటూ లోపలికి వచ్చి దుప్పటి లాగాను. నా పిల్లలందరూ నీలంగా ఉన్నారు. ఎవరో వచ్చి పాడుచేశారనుకున్నాను, నిజంగా. ఎవరొస్తారని గది నాలుగు మూలలా చూశాను. తరవాత నా పళ్ళెంలో ఎండిపోయిన రంగు చూసుకున్నాను. నేనే.

తలుపు గురించి గొడవ చేస్తే మేస్త్రీలొస్తారు, వాళ్ళ వెనక నువ్వొస్తావు, నీ వెనక ప్రింట్లవాడొస్తాడు. అందరూ చూస్తారు. ముందు ముఖాలు సరిచేసుకుని తరవాత అరుద్దామనుకున్నాను. కాని నా చెయ్యి ఇదివరకటి చెయ్యి కాదు. ఒక్క చెంప అయ్యేసరికి తల ప్రాణం తోకకొస్తోంది.

నాకెందుకు చెప్పలేదు? అది చెప్పు ముందు. నా కళ్ళు పోతున్నాయని నీకు తెలుసు. పిల్లలకి తెలుసు, ప్రింట్లవాడికి తెలుసు. నవ్వు నా చెవిన పడకూడదని ఇంటికి పంపించావు గాని, “ఒకసారి డాక్టరుకి చూపించుకో అత్తా” అని ఒక్క ముక్క అనలేకపోయావు. ఆ ఒక్క ముక్క అని ఉంటే వీళ్ళందరూ ఇలా అయ్యేవాళ్ళా? నీ సంతకం క్షమించినా క్షమిస్తాను. నువ్వు నోరు కుట్టుకుని కూర్చున్నదాన్ని క్షమించలేను.

కొయ్యడానికి గీత గియ్యమన్నావు. నువ్వే వచ్చి గియ్యి, చూస్తాను.

అత్త


కింది అంతస్తు

అత్తా,

ఒకసారి అన్నాను. ఆ ప్రదర్శనకి బొమ్మలు ఎంచుతున్నప్పుడు, ఈ అమ్మాయి ముఖంలో నీలం కాస్త ఎక్కువైనట్టుంది కదా, ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ అన్నాను. “రంగు గురించి నాకు చెప్పేంతదానివయ్యావా” అని చేతిలో కుంచె నా మీదికి విసిరావు. పిల్లలందరి ముందూ. నా భుజం మీద పడిన మరక నీలమే, ఆ రోజు నీ కుంచెకి ఇంకో రంగు లేదు. ఆ బట్టలు ఇంకా ఉన్నాయి, కావాలంటే తెచ్చి చూపిస్తాను. రెండోసారి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నీ దగ్గర చదువుకున్న ఒక్కరికీ లేదు. మమ్మల్ని అలా పెంచింది నువ్వు.

పాత కాగితాలు తీయించి చూశాను. సంతకం నాదే. పాత తలుపు కొలత గాని, కొత్త తలుపు కొలత గాని ఎక్కడా లేదు. ఇంతకన్నా నేను ఏమీ అనను, ఎంత ఎదురుచూసినా అననుగాక అనను.

గోడ పగలగొట్టడానికి ఉత్తర్వు ఇచ్చాను. ఈ వారంలో మేస్త్రీ వస్తాడు. బొమ్మ కొయ్యం. దుప్పటి మీద తాళ్ళు కట్టించి నేనే దగ్గరుండి దింపిస్తాను, ఎవరూ చూడరు. బొమ్మ బయటికి, పిల్లలు లోపలికి. ఆ తరవాత నువ్వు నన్ను మెట్ల మీద చూసి గోడవైపు తిరగనక్కర్లేదు, మెట్లెక్కే పనే ఉండదు.

నాన్నకి మన సంగతి చెప్పాను, ఒక పక్షం తీసుకుంటాడేమోనని. “ఇద్దరూ నా బోర్డుల మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే, ఒక్కదానికీ గీత తిన్నగా రాలేదు” అని నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకున్నాడు.

కోడలు


పై గది

‘అమ్మడూ’ అని రాసి కొట్టేశాను.

కోడలా,

నీ మేస్త్రీ వచ్చాడు. సుత్తి ఎత్తకముందే రాయిని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాను. కదలకుండా నిలబడటం ఆయనకి తెలిసిన పని. మేస్త్రీ కాసేపు చూసి, మొక్కుకుని పోయినట్టు పోయాడు. ఇక పంపకు. గోడ పగిలితే దుమ్మంతా తడి రంగు మీద పడుతుంది, ఆ మాత్రం నీకు తోచొద్దూ?

పిల్లల్ని పంపు. స్టూళ్ళు తుడిచి గుండ్రంగా వేశాను. దుప్పటి తీసేశాను, రాయి కప్పుకుంటానంటే ఇచ్చేశాను. ముఖాలు ఇక దిద్దను. నువ్వు జాబు రాసిన రోజునుంచీ కూర్చుని అవే చూశాను. మనిషి రంగు వేస్తుంటే వాళ్ళు వాళ్ళలా ఉండటం లేదు, ఎవరో బంధువుల్లా ఉన్నారు. నేను వాళ్ళని తలుచుకుంటూ, ఒక్కొక్కరితో మాట్లాడుకుంటూ, సంతోషంగా వేసుకున్నది ఆ నీలంలోనే. కనిపించిందే వెయ్యమన్నాను. నాకు కనిపించింది అదే. సగం దిద్దినవాళ్ళు సగంలోనే ఉంటారు. రెండు నీడల కుండ వేసిన పిల్లని ముందు వరసలో కూర్చోబెట్టు, దాన్ని చూడాలని ఉంది నాకు.

నవ్వుతారు. నవ్వనీ. ఈసారి నేను గదిలోనే ఉండి వింటాను.

తలుపు కూడా అలాగే ఉంచు. ఈ బొమ్మ బయటికెందుకు రాదండీ అని అడిగినవాళ్ళందరికీ, ఎవరు కొలవలేదో నేను చెప్పుకోవాలి.

ఒక్క చోట మాత్రం చెక్క కనబడుతోంది. తల లేని చేతులు చూసి పిల్లలు జడుసుకుంటారు. ఆపరేషనయ్యాక నేను పాతవి దిద్దడమే గాని, ఒక్క ముఖమైనా మొదటినుంచీ వెయ్యలేదు. వెయ్యగలనో లేదో తెలియదు, భయంగా ఉంది. కిటికీ పక్కన స్టూలు వేసి, దాని కాళ్ళ చుట్టూ, నీ పాదాలు ఉండాల్సిన చోటా సుద్దతో గుర్తులు పెట్టాను. ఆదివారం పొద్దున రా. క్షమించానని అనుకునేవు, లేదు. నాకు మోడల్ కావాలి, రాయికి జ్వరం.

అత్త


కింది అంతస్తు

అత్తా,

వస్తాను. కుర్చీ కథ చెప్పకూడదు. అసలు ఏమీ మాట్లాడకూడదు, నేనూ మాట్లాడను. రాయికి జ్వరం లేదు. ఈ జాబు పట్టుకెళ్ళమంటే చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

కోడలు


ఇంటినుంచి

కోడలా,

కూర్చున్నంతసేపూ పళ్ళు బిగించుకున్నావు. దవడ అలాగే వచ్చింది, నన్ననకు. నేనూ మాట తప్పలేదు, ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకని అనాల్సినవి రాస్తున్నాను.

మొదటి గంటంతా రెండు జడల పిల్ల కోసం నీ ముఖంలో వెతికాను. అది ఎక్కడికో వెళ్ళిపోయింది. దాని స్టూలు మీద, చెంపల దగ్గర జుట్టు నెరిసిన కోపిష్టి మనిషి ఒకతి కూర్చుని ఉంది. కళ్ళ కింద నలుపుంది. నిద్రపట్టడం లేదని నాకు చెప్పనే లేదు. నాకు చెప్పకుండా ఉండటమే నీకు అలవాటైపోయింది, చెప్పనీకుండా ఉండటం నాకు అలవాటైపోయినట్టు.

ఆ కోపిష్టి మనిషినే వేశాను. వేశాక నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాను. పసుపు ఎక్కువైందా, నీలం ఎక్కువైందా? కంటికి బాగానే ఉంది. అప్పుడు కూడా కంటికి బాగానే ఉండేది కదా. నా కంటిని నమ్మడం మానేశాను. ఎవర్ని అడగాలా అని ఆలోచించాను. రాయిని అడిగితే అంతా అందంగా ఉందంటాడు. మీ నాన్నని అడిగితే బోర్డుకి ఎర్ర అంచు వెయ్యమంటాడు.

అందుకని నిన్ను అడుగుతున్నాను. అప్పుడు నేను కుంచె విసిరి ఆపేసిన మాట ఇప్పుడు అను. తాళంచెవి రాయి చేతికిచ్చి పంపుతున్నాను, ఇక అది నీ దగ్గరే ఉంచుకో. పిల్లలు వచ్చేలోపు వెళ్ళి చూడు. నేను ఇంట్లోనే ఉంటాను, అక్కడ నిన్ను బెదిరించడానికి ఎవరూ ఉండరు. రంగు ఇంకా తడిగానే ఉంది. తప్పుగా ఉంటే గీకెయ్యి, మళ్ళీ వేస్తాను. కత్తి కిటికీలో పెట్టాను.

అత్త